పాత శీతల విక్రయ యంత్రములు: కొనునపుడు చూడవలసినవి, వెల కట్టు విధము

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



సంతలో ఎద్దును కొనుటను గూర్చి మీకు ఒకరు చెప్పవలసిన పని లేదు. పండ్లు పట్టి చూచెదరు, నడిపించి చూచెదరు, కాడి కట్టి చూచెదరు. అమ్మువాడు ఎంత పొగడినను మీ కన్ను ఎద్దు గిట్టల మీదనే యుండును. అయితే ఆ మనుష్యులమే పట్టణమునకు పోయి ఒక పాత యంత్రమును కొనునపుడు దాని రంగును, మెరుపును చూచి సొమ్ము లెక్కించి యిచ్చి వచ్చుచున్నాము. ఎద్దు విషయమున చూపెడి జాగ్రత్తను యంత్రము విషయమున గూడ చూపవలెనని విన్నవించుటయే నేటి నా ప్రసంగము యొక్క ఉద్దేశము.

నేను చెప్పబోవునది ఆహారపదార్థములను చల్లగా నుంచి, సొమ్ము చెల్లించిన వెంటనే తానే అందించెడి యంత్రమును గూర్చి. నాణెము వేసినచో వస్తువు నిచ్చు యంత్రము క్రొత్త ఊహ కాదు. సుమారు 1,900 ఏండ్ల క్రిందటనే అలెగ్జాండ్రియా నగరమున హీరో అను పండితుడు, నాణెము వేయగా పవిత్రజలమును విడుచు పాత్రను వర్ణించి యున్నాడు. 1902లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో గాజుతలుపుల గూళ్లలో భోజనపదార్థములుంచి, నాణెము వేసినచో తలుపు తెరచుకొను భోజనశాల వెలసినది. అట్టి వానిలో చివరిది న్యూయార్కులో 1991లో మూతపడినది. నేడు మన నగరములలో రైల్వేస్టేషనులయందును, ఆసుపత్రులయందును, పెద్ద కార్యాలయములయందును ఇట్టి యంత్రములు కనబడుచున్నవి. కార్యాలయములు స్థలము మార్చినపుడును, క్రొత్త రకము వచ్చినపుడును పాతవి అమ్మకమునకు వచ్చును. బస్సు స్టాండులో ఒకటి నిలిపినచో మహిళా సంఘమునకు వ్యాపారమును, పంచాయతీకి అద్దెయు, ప్రయాణికులకు చల్లని మజ్జిగయు లభించునని ఆశపడుట సహజము. ఆ ఆశ చెడ్డది కాదు. తొందరయే చెడ్డది.

నా అనుభవము

2019వ సంవత్సరము వేసవిలో ఒక గ్రామ పంచాయతీవారు పట్టణములోని ఒక వర్తకుని యొద్ద పాత యంత్రమొకటి కొని బస్సు స్టాండులో నిలిపిరి. ఊరి పేరు గాని, వర్తకుని పేరు గాని చెప్పను. ప్రారంభోత్సవమునకు నేను వెళ్లితిని. ఆ యంత్రమును మెచ్చుకొనుచు వార్త వ్రాసినవాడను నేనే. మూడవ వారమున గాలివాన వచ్చి రాత్రి 10 గంటలకు విద్యుత్తు పోయి, తెల్లవారుజామున 5 గంటలకు తిరిగి వచ్చినది. 8 గంటలకు సంఘము వారు చూచునప్పటికి యంత్రముపై అంకె 4 డిగ్రీలు చూపుచుండెను. బాదంపాల సీసాలు చల్లగా నుండెను. అమ్మకము సాగినది. మధ్యాహ్నమునకు ఆరుగురు పిల్లలు వాంతులతో ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున చేరిరి. దైవకృప వలన మరునాటికి అందరును కోలుకొనిరి.

సంగతి ఏమనగా, ఏడు గంటలపాటు పాలు వెచ్చనై పోయినవి. అట్టి వేళ పాలలో సూక్ష్మజీవులు వేగముగా పెరుగును. వానిలో కొన్ని విడిచెడి విషము, పాలను తిరిగి చల్లార్చినను పోదు, మరిగించినను పోదు. చల్లదనము తిరిగి వచ్చినది గాని, చెడిన పాలు తిరిగి మంచివి కాలేదు. ఆసుపత్రి వరండాలో ఒక వృద్ధురాలు నన్ను గుర్తుపట్టి, “బాబూ, మీరు రాసిన కాగితం చదివించుకునే గదా మా మనవడికి ఆ పాలు కొనిచ్చింది” అన్నది. ఆమె కోపముతో అనలేదు. కోపముతో అనినను నాకు అంత బాధ కలిగెడిది కాదేమో. ఆనాటి నుండి ఈ యంత్రములను గూర్చి తెలిసినవారి నడిగి, మరమ్మతు చేయువారి వెంట నిలిచి నేర్చుకొన్న దానిని మీ ముందుంచుచున్నాను.

యంత్రము చల్లబరచు విధము

మట్టికుండలోని నీరు వేసవిలో చల్లగా నుండుటకు కారణము మీకు తెలియును. కుండ పైకి ఊరిన చెమ్మ ఆవిరి యగుచు లోని వేడిని తీసికొనిపోవును. శీతలయంత్రమున జరుగునదియు ఇదియే. భేదమేమనగా, కుండలోని ఆవిరి గాలిలో కలిసిపోవును. యంత్రములో దానిని పట్టి మరల మరల వాడుకొందురు. కంప్రెసరు అను భాగము గ్యాసును నొక్కి వేడిగా బయటి తీగెల గూటిలోనికి పంపును. దానిని కండెన్సరు అందురు. అక్కడ గ్యాసు తన వేడిని బయటి గాలికిచ్చి ద్రవమగును. ఆ ద్రవము సన్నని గొట్టము గుండా లోపలి గూటికి చేరి ఆవిరి యగుచు, లోపలి వేడిని లాగుకొనును. కావున కండెన్సరుపై దుమ్ము పేరుకొన్నను, వెనుక గాలి ఆడకున్నను యంత్రము ఎంత తిరిగినను చల్లబరచలేదు. ఈ ఒక్క సంగతి తెలిసినచో పరీక్షలో సగము తెలిసినట్లే.

పండ్లు పట్టి చూచుట

మొదట యంత్రము వెనుకనో, తలుపు లోపలనో యుండెడి పేరు పలకను చదువవలెను. పలకలేని యంత్రమును కొనరాదు. అందు తయారైన కాలము, వరుస సంఖ్య, విద్యుత్తు వివరము, గ్యాసు పేరు ఉండును. మన దేశమున సరఫరా 230 వోల్టులు, 50 హెర్ట్జులు. అమెరికా నుండి వచ్చిన యంత్రముపై 115 వోల్టులు, 60 హెర్ట్జులు అని యుండును. ట్రాన్స్‌ఫార్మరు పెట్టినచో సరిపోవునని అమ్మువారు చెప్పుదురు. అది వోల్టులను మార్చును గాని హెర్ట్జులను మార్చదు. అట్టి కంప్రెసరు మన విద్యుత్తుపై వేగము తగ్గి, వేడెక్కి త్వరలో పాడగును.

గ్యాసు పేరు మరియు ముఖ్యము. ఆర్-12 అని యున్నచో ఆ యంత్రము మిక్కిలి పాతది. ఆకాశమునందలి ఓజోను పొరను కాపాడుటకై 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందము ననుసరించి 2010 నాటికి ఆ గ్యాసు తయారీ ఆగిపోయినది. ఆర్-22 గూడ 2030 నాటికి తొలగిపోవలసిన దానిలోనిదే. ఆర్-134ఏ అను గ్యాసు నేటికిని విరివిగా దొరకును. ఆర్-290, ఆర్-600ఏ అనునవి మంచివే గాని మండెడి స్వభావము కలవి. వానిని శిక్షణ పొందిన మరమ్మతుదారుడే ముట్టవలెను. ఒక గ్యాసుకై చేసిన యంత్రములో మరియొకటి నింపించితిమని ఎవరైన గర్వముగా చెప్పినచో, ఆ యంత్రమును విడిచి రావలెను.

తరువాత గొట్టముల అతుకులను చూడవలెను. గ్యాసుతో పాటు నూనె గూడ తిరుగుచుండును. కావున అతుకు వద్ద జిడ్డు మరక యున్నచో అక్కడ గ్యాసు కారుచున్నదని అనుమానింపవలెను. తలుపు రబ్బరు బిగువును తెలిసికొనుటకు ఒక కాగితపు ముక్కను మధ్య నుంచి తలుపు మూసి లాగవలెను. నాలుగు ప్రక్కలను కాగితము బిగువుగా రావలెను. ఒకచోట జారి వచ్చినచో అక్కడ చల్లదనము కూడ జారిపోవుచున్నదన్నమాట.

కాడి కట్టి చూచుట

ఇది అన్నింటికంటె ముఖ్యము. ముందుగానే చల్లబరచి యుంచిన యంత్రమును చూచి మోసపోరాదు. ఆపియున్న యంత్రమును మీ కన్నుల యెదుట వేయించవలెను. మూడు గ్లాసుల నీటిలో మూడు థర్మామీటర్లుంచి పై అరలో నొకటి, నడుమ నొకటి, క్రింద నొకటి పెట్టవలెను. ఒక పగలు, ఒక రాత్రి నడిపించవలెను. మన ఆహార భద్రతా నియమముల ప్రకారము చల్లగా నుంచవలసిన ఆహారము 5 డిగ్రీల సెంటీగ్రేడు గాని, అంతకు తక్కువ గాని యుండవలెను. మధ్యాహ్నపు ఎండవేళ గూడ మూడు అరలయందును అట్లే యుండవలెను. యంత్రము పైన కనబడు అంకెను నమ్మక మీ థర్మామీటరును నమ్మవలెను. కంప్రెసరు కొంతసేపు తిరిగి, కొంతసేపు ఆగుచుండవలెను. ఎడతెగక తిరుగుచున్నచో గ్యాసు తక్కువగుటయో, కండెన్సరు మూసుకొనుటయో, తలుపు కారుటయో కారణమై యుండును. ఆ దినమున ఎన్ని యూనిట్లు ఖర్చయ్యెనో మీటరు పెట్టి వ్రాసికొనవలెను. దానితో తరువాత పని యున్నది.

పిమ్మట ఆరోగ్యపు తాళమును పరీక్షింపవలెను. నా అనుభవములోని యంత్రమునకు లేనిది ఇదియే. విద్యుత్తు పోయినందున గాని, చెడినందున గాని లోపలి వేడి హద్దు దాటినచో, సేవకుడు వచ్చి తెరచి చూచువరకు యంత్రము తానే అమ్మకము నాపివేయుటకు ఏర్పాటు ఉండవలెను. అమెరికాలోని ఆహార నియమావళి చెడిపోవు ఆహారము నమ్మెడి యంత్రములకు ఈ ఏర్పాటు తప్పనిసరి యని చెప్పుచున్నది. చల్లపానీయముల సీసాల కొరకై చేసిన యంత్రములకు తరచుగా ఈ తాళము ఉండదు. పానీయము వెచ్చనైనచో రుచి చెడును. పాలు వెచ్చనైనచో ప్రాణము మీదికి వచ్చును. కావున విద్యుత్తు నాపి, తలుపు తెరచి, లోపల వెచ్చబడనిచ్చి, మరల వేసి చూడవలెను. అప్పుడును యంత్రము వస్తువు నిచ్చినచో దానిని పాలకు, పెరుగునకు, వండిన ఆహారమునకు వాడరాదు. నీటి సీసాలకు మాత్రమే పనికివచ్చును. వెలయు అంతకు తగినట్లే కట్టవలెను.

సొమ్ము తీసికొను భాగమును గూడ చూడవలెను. 2016 తరువాత మన నోట్ల కొలతలును రూపములును మారినవి. అంతకు ముందటి నోటుగ్రాహకము నేటి నోట్లను గుర్తింపలేదు. ఫోను ద్వారా చెల్లించు పరికరమున్నచో దానికి సంకేతము అందుచున్నదా, నెల నెల చందా యెంత, పాత యజమాని ఖాతా తొలగించి మీ ఖాతా చేర్చుదురా అని అడుగవలెను. లేనిచో మీ ఊరి సొమ్ము ఇంకొకరి ఖాతాకు పోవును. ప్రతి అరలోని స్ప్రింగును ఒక్కొక్కటిగా తిప్పించి చూడవలెను. తాళపుచెవులన్నియు, రహస్య సంఖ్యలన్నియు చేత పట్టుకొనవలెను.

వెల కట్టు విధము

ఇప్పుడు లెక్కకు వత్తము. నేను చెప్పు అంకెలు కేవలము ఉదాహరణకే. మీ అంకెలు మీరు వేసికొనవలెను.

అట్టి యంత్రము నేడు క్రొత్తది 3,00,000 రూపాయలనుకొందము. ఆయువు 10 ఏండ్లనుకొందము. 6 ఏండ్లు గడచినవి. మిగిలిన 4 ఏండ్లకు విలువ 1,20,000 రూపాయలు. ఇందు నుండి చేయించవలసిన పనుల ఖర్చును తీసివేయవలెను. తలుపు రబ్బరుకు 4,000, క్రొత్త చెల్లింపు పరికరమునకు 20,000, ఫ్యాను మార్చి శుభ్రపరచుటకు 5,000, రవాణాకును నిలుపుటకును 13,000, స్టెబిలైజరుకును ఎర్తింగునకును 10,000. మొత్తము 52,000. మిగిలినది 68,000 రూపాయలు. ఇది యంత్రమునుబట్టి కట్టిన వెల. దీనికి మించి యీయరాదు.

అయితే ఇంతటితో ఆగరాదు. ఎద్దు మంచిదైనను దున్నుటకు పొలము ఉండవలెను గదా! ఊరినిబట్టి గూడ వెల కట్టవలెను. దినమునకు 40 పొట్లములు అమ్ముడుపోయి, పొట్లమునకు 6 రూపాయలు మిగులునని, ఏడాదిలో 300 దినములు అమ్మకము సాగునని అనుకొందము. ఆదాయము 72,000. యంత్రము అమ్మకము లేని దినములందును విద్యుత్తును తినును. దినమునకు 8 యూనిట్ల చొప్పున ఏడాదికి 2,920 యూనిట్లు. యూనిటు 10 రూపాయలైనచో 29,200. సరకు నింపి శుభ్రపరచు వారికి నెలకు 2,000 చొప్పున 24,000. పాడైన సరకునకును, మరమ్మతులకును 12,000. మొత్తము ఖర్చు 65,200. ఏడాదికి మిగులునది 6,800 మాత్రమే. నాలుగేండ్లకు 27,200. బాగుచేయుటకే 52,000 పెట్టవలసియున్నది గదా! అనగా ఆ ఊరికి ఆ యంత్రమును ఊరకే యిచ్చినను నష్టమే.

అదే దినమునకు 60 పొట్లములు పోయినచో ఏడాదికి 42,800 మిగులును. నాలుగేండ్లకు 1,71,200. అప్పుడు 68,000 వెలయు, 52,000 బాగుచేయు ఖర్చును పోగా ఇంకను కొంత లాభము. పై లెక్క ప్రకారము దినమునకు 53 పొట్లములు పోయిననే గాని పెట్టిన సొమ్ము తిరిగి రాదు. కావున పట్టణమునకు పోవుటకు ముందు, ఒక వారము దినములు బస్సు స్టాండులో ఒక మనిషిని కూర్చుండబెట్టి ఎందరు వచ్చిరి, ఎందరు ఏమి కొనిరి యని లెక్క వ్రాయించవలెను. రెండు విధముల కట్టిన వెలలలో ఏది తక్కువయో దానినే పై హద్దుగా పెట్టుకొనవలెను.

ఒక్కొక్కప్పుడు లెక్క చేసిన పిమ్మట కొనవద్దనియే తేలవచ్చును. అది చిన్నతనము కాదు. మహిళా సంఘము వారు ఒక సాధారణ శీతలపెట్టె యుంచుకొని, తామే కూర్చుండి అమ్ముటలో మేలుగా నుండవచ్చును. మనిషి ఉన్నచోట విద్యుత్తు పోయిన సంగతి మనిషికి తెలియును. యంత్రము ఒంటరిగా నున్నచోట అది దానికే తెలియవలెను.

తీర్మానమునకు ముందు, కొన్న తరువాత

పంచాయతీ సొమ్ము పదిమంది సొమ్ము. నలుగురు సభ్యులతోను, ఒక మరమ్మతుదారునితోను సంఘము వేసి, ఒకటికి మూడు చోట్ల వెల విచారించి, చూచినదంతయు వ్రాతపూర్వకముగా నుంచి, నియమముల ప్రకారము పై అధికారుల అనుమతి పొంది తీర్మానము చేయవలెను. అమ్మువాని యొద్ద అసలు కొనుగోలు బిల్లును చూడవలెను. బ్యాంకు అప్పుపై తాకట్టులో నున్న యంత్రము కాదని వ్రాయించుకొనవలెను. వరుస సంఖ్య బిల్లులోను, పలకపైనను ఒకటియే యుండవలెను. కంప్రెసరుకు కనీసము ఒక వేసవి గడచువరకైన హామీ వ్రాయించుకొనవలెను. హామీ యీయనిచో ఆ మేరకు వెల తగ్గింపవలెను. పై విధముగా ఒక పగలు, ఒక రాత్రి నడిపించి చూపుటకు ఒప్పుకొనని వానికి ముందుగా ఒక్క రూపాయియు ఈయరాదు.

కొన్న తరువాత 2006 నాటి ఆహార భద్రతా చట్టము క్రింద నమోదో, లైసెన్సో పొందవలెను. యంత్రమును నీడలో, నీరు నిలువని చోట, వెనుక జానెడు ఖాళీ విడిచి నిలుపవలెను. ఎర్తింగు లేక విద్యుత్తు వేయరాదు. తడిచేతితో ముట్టెడి పసివారు ఉందురు. ఉదయము, సాయంకాలము వేడి ఎంతయో ఒక పుస్తకములో వ్రాసి సంతకము చేయవలెను. నెలకొకసారి కండెన్సరు దుమ్ము దులుపవలెను. ప్రతి పొట్లముపై చేసిన తేదీయు, వాడదగిన గడువు తేదీయు ఉండవలెను. విద్యుత్తు చాలసేపు పోయిన రాత్రి మరునాడు పాలపదార్థములను రుచి చూచి కాక, లెక్క చూచి పారవేయవలెను. రుచికి తెలియని విషము గలదు. చివరకు యంత్రము పనికిరాకుండ పోయినపుడు గ్యాసు విడిచి పాత ఇనుమువానికి వేయక, అనుమతి గల సంస్థకే అప్పగించవలెను.

మన సభలయందు నేడు స్త్రీలు సగము స్థానములలో నున్నారు. పాలు ఎప్పుడు విరుగునో, పెరుగు ఎప్పుడు పులియునో వారికంటె తెలిసినవారెవరు? యంత్రమును చూచుటకు పోవు సంఘములో వారిని తప్పక చేర్చుకొనవలెనని నా మనవి.

నేను ప్రచార శాఖలో పనిచేయువాడను. మంచిని పదిమందికి చెప్పుట నా ఉద్యోగము. అయినను ఆ వృద్ధురాలి మాట విన్న పిమ్మట, ఏ క్రొత్త వస్తువునైనను ప్రారంభోత్సవమునాడు పొగడుట మానితిని. ఒక వేసవి గడచిన పిమ్మట ఆ ఊరికి మరల పోయి, వేడి వ్రాసిన పుస్తకము చూచి, అప్పుడు వ్రాయుచున్నాను. మీ గ్రామములలో ఎవరైన అట్టి యంత్రము నిలిపినచో నాకు కబురు పంపుడు. ప్రారంభోత్సవమునకు కాదు, మరుసటి ఏడు జ్యేష్ఠమాసమునకు పిలువుడు. ఆనాడు మీ పుస్తకములోని అంకెలు 5 డిగ్రీలకు లోబడియున్నచో, ఈ పత్రికలో మీ ఊరి పేరుతో సంతోషముగా వ్రాసెదను.